పెద్దవి ఏరిన చెయ్యి

సైదయ్య సీసా మూత అంచుకు వేలితో వ్యాజలైన్ రాస్తున్నడు. మూత సరిగ్గ కూసోకపోతే మందు గాలికి పోతది. మందు పోతే లోపలి చేప ఎండి వట్టి తోలయితది. ఒక చుట్టు రాసి, మూత పెట్టి, కుడి దిక్కు సగం తిప్పి, సీసాను వంచి చూసిండు. చుక్క కారలేదు. బట్టతో తుడిచి చెక్క అరలో దాని జాగలో దాన్ని పెట్టి తిరిగేసరికి ల్యాబు గడపలో ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ సారు నిలబడి ఉన్నడు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నడు.

"ఇంకెన్ని దినాలు సైదయ్యా ఈ కంపు?"

"ఆరు నెలలు సార్."

"నీ రిటైర్మెంటు ఎప్పుడని అడిగిన్నా నేను?" సారుకు నవ్వొచ్చింది గాని దస్తీ తియ్యలేదు. "మంగళారం కంప్యూటర్లు వస్తున్నయ్. పిల్లలను కూసోబెట్ట జాగ లేదు. ఈ గోడ కావాలె, ఈ అర కావాలె. గాజు సామాను తుక్కు బండోడు తీస్కపోతడు. లోపటిది మాత్రం నువ్వే పారబొయ్యాలె. పెట్టింది నువ్వే గదా."

సైదయ్య తల ఊపిండు. అవునన్నా కాదన్నా ఆయనకు ఆ తల ఊపుడే. మూడో తరగతితో బడి మానిన మనిషి. ఇంతమంది చదువుకున్నోళ్ల నడుమ ఎక్కువ మాట్లాడితే ఎక్కడ నోరు జారుతదో అని మొదట్ల భయం, తర్వాత అలవాటు. సూర్యాపేట అంచున ఉన్న ఆ పాత కాలేజీలో ఎందరో లెక్చరర్లు వచ్చిన్రు, పోయిన్రు. సైదయ్య గొంతు ఎట్లుంటదో తెల్వకుండనే పోయినోళ్లు సగం మంది.

సారు పోయినంక బకీటు తెచ్చి మోరీ పక్కన పెట్టిండు. అరలో ఎడమ చివరన ఉన్న మొదటి సీసా దించిండు. రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డడు. మూత తియ్యడానికి చెయ్యి రావట్లేదు. కడగాలె, తుడవాలె, మందు నింపాలె అంటే ఆ చేతులకు తెలుసు. పారబొయ్యాలె అంటే ఎక్కడ మొదలుపెట్టాల్నో వాటికి తెల్వలేదు.

"ఆగండి బాబాయ్. ఫార్మలిన్ ఎవరన్నా మోరీలో పోస్తారా?"

జువాలజీ మేడం నవ్య. రోజూ కోదాడ నుంచి బస్సులో వస్తది. కాలేజీలో చేరి పదిహేను దినాలయింది. బ్యాగు ఇంకా భుజం మీదనే ఉంది.

"సారు చెప్పిండు."

"ఏమని?"

సైదయ్య అర దిక్కు చూపించి, మోరీ దిక్కు చూపించిండు.

నవ్య ఆ సీసాను ఆయన చేతుల్లోంచి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపల అయిదు చేపలు, తలలు కిందికి. గాజుకు ఆనుకొని ఒక కాయితం ముక్క, దాని మీద పెన్సిలుతో వంకర అంకెలు. 1990. పక్క సీసా చూసింది. 1991. అట్ల చూసుకుంట చూసుకుంట అర పొడుగునా నడిచి చివరి సీసా దగ్గర ఆగింది. 2024.

"అన్నీ ఒకటే చేపా?"

"గండిపరక."

"ఒకటే చెరువుదా?"

"మా ఊరి రాయిచెరువు. మోతె దగ్గర. వానకు చెరువు నిండి అలుగు దుంకినప్పుడు చేప నీళ్లకు ఎదురెక్కుతది. అప్పుడు పట్టుడు."

"మధ్యలో ఈ ఖాళీలేంటి?"

"ఆ ఏడు అలుగు దుంకలె."

అసువంటి ఖాళీలు నాలుగున్నయి. ఒక్కొక్కటీ సీసా పట్టేంత జాగ. దుమ్ము దులిపి ఉంది గాని పక్క సీసాను అందులకు జరపలేదు.

"ఇట్లా పెట్టమని ఎవరు చెప్పారు మీకు?"

"జీవన్ సారు."

"ఆయనెక్కడున్నారు?"

"తొంభై ఒకటిల మిర్యాలగూడకు పోయిండు."

"మరి ఆ తర్వాత ఎవరు చెప్పారు?"

సైదయ్య చేతులు లుంగీకి తుడుచుకుందామని చూసి, తను వేసుకున్నది ప్యాంటు అని యాదికొచ్చి ఆగిండు.

"ఆపమని ఎవరూ చెప్పలె."

నవ్య చేతిలోని సీసాను దాని జాగలో పెట్టి, బకీటును కాలితో బల్ల కిందికి నెట్టి, ప్రిన్సిపాలు రూముకు పోయింది. సైదయ్యకు వరండా చివర నుంచి మాటలు వినొచ్చినయి. ముందు సారుది గట్టిగ, తర్వాత మేడంది మెల్లగ, తర్వాత ఇద్దరిదీ ఒకటేసారి. తిరిగొచ్చినప్పుడు ఆమె చెవులు ఎర్రగయినయి.

"సోమవారం సాయంత్రం దాకా ఇచ్చారు. ఇవి ఎందుకు ఉంచాలో ఒక కాయితం మీద రాసి చూపించమన్నారు. రాద్దాం. మీరూ ఉండాలి."

*

శుక్రవారం పొద్దున నుంచి పని మొదలయింది. సైదయ్య ఒక్కొక్క సీసా దించి, పట్టకారుతో చేపలను తీసి తెల్ల ట్రేలో పెట్టి, మూడు నీళ్లు మార్చి కడిగిండు. కిటికీలన్నీ తెరిచినా కండ్లు మండుతనే ఉన్నయి. నవ్య చేతులకు తొడుగులు వేసుకొని తల నుంచి తోక దాకా స్కేలుతో కొలిచింది. పక్కనుంచి ఒక పొలుసు గీకి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. కడుపు కోసి గుడ్లున్నయా లేవా చూసింది. రెండో సంవత్సరం చదివే రోజా అనే పిల్ల నోట్సులో అంకెలు ఎక్కించింది.

పన్నెండు గంటల క్లాసును నవ్య ల్యాబులోనే పెట్టింది. పద్దెనిమిది మంది పిల్లలు బల్ల చుట్టూ మూగిన్రు. సైదయ్య ఎప్పటిలెక్కనే తలుపు పక్కన నిలబడ్డడు.

"పొలుసు మీద గీతలు చూశారా? ఎండాకాలం తిండి తగ్గితే ఒక గీత పడుతుంది. ఎన్ని గీతలుంటే అన్ని ఎండాకాలాలు బతికిందన్నమాట. ఇది తొంభైలో పట్టిన చేప, మొదటి సీసాది. రెండు గీతలు, జానెడు ఉంది, కడుపులో గుడ్డు లేదు. ఇది పోయినేటిది. ఇదీ జానెడే. ఒకటే గీత. కడుపు నిండా గుడ్లు."

"అంటే మేడం, తొందరగ పెండ్లయింది దీనికి." ఎవరో అన్నరు. నవ్విన్రు.

"ఎందుకయింది? చెప్పు."

నవ్య రెండు వేళ్లు కలిపి గుండ్రంగ వల కన్ను లెక్క పట్టింది.

"వల కన్నులో ఇరుక్కునేది పెద్దది. సందులోంచి జారిపోయేది చిన్నది. మూడేళ్లు పెరిగి, అప్పుడు గుడ్లు పెడదాం అనుకునే చేప, గుడ్లు పెట్టకముందే కూరలోకి వస్తుంది. చిన్నప్పుడే గుడ్లు పెట్టేది పిల్లల్ని వదిలిపోతుంది. ఆ పిల్లలకు తల్లి తీరే వస్తుంది. ఇట్లా ముప్పై ఏళ్లు జరిగితే?"

"పొట్టోళ్లదే రాజ్యం మేడం," అన్నది రోజా.

"ఆ. జీవపరిణామం అంటే కోతి మనిషి అయిన కతే అనుకుంటారు అందరూ. మన మోతె చెరువులో, మన కళ్లముందు, మన వలే ఏరుతూ వచ్చింది. నీళ్లు మారాయి, తిండి మారింది, మందులు కలిశాయి. తప్పంతా వలదే అని నేను చెప్పను. కానీ వలకూ వాటా ఉంది."

తలుపు పక్కన సైదయ్య తన అరచేతులు చూసుకున్నడు. ఆయన తండ్రి వల అల్లేటోడు. రెండు వేళ్లు దూరేంత కన్ను పెట్టాలె, చిన్నది పోవాలె, చిన్నదాన్ని పడితే పాపం అనేటోడు. పెద్దదాన్ని వదలాలె అని ఆ ఇంట్ల ఎవరూ అనలేదు. మిగిలిన చేపల పిల్లలే చెరువు నిండా అనే మాట సైదయ్యకు అప్పటికప్పుడు మనసుల పుట్టింది. అంత సులువైన సంగతి ఇన్నేండ్లు సీసాల్ల పెట్టుకొని తుడిచిండు గాని చూడలేదు.

శనివారం మధ్యాహ్నానికి ముప్పై ఒక్క సీసాలూ అయిపోయినయి. అంకెలన్నీ చూసుకుంట నవ్య పెన్ను దవడకు ఆనించి ఆలోచించింది.

"బాబాయ్, ఒక్క సంగతి. మొదటి సీసాలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. రెండో సీసా నుంచి అన్నీ ఇంచుమించు ఒకటే సైజు. ఏరలేదు కదా మీరు? చేతికి వచ్చినవే పట్టారు కదా?"

సైదయ్య తల ఊపిండు.

ఊపినంక ఆయనకే తెలిసింది ఏం చేసిండో. అది అవును ఊపుడు కాదు, కాదు ఊపుడూ కాదు. ఎవరన్నా ఏమన్నా అడిగితే ఊగే ఊపుడు. కాని మేడం దాన్ని అవును అనుకుంది. కాయితం మీద రాసింది. రాసి, ఆయనకు చదువు తక్కువని ఎరిగి, చదివి వినిపించింది.

"'ప్రతి ఏడూ అయిదు చేపలు, ఏరకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్లే పట్టినవి.' ఈ ఒక్క ముక్క మీదే నిలబడుతుంది అంతా. ఏరితే చెరువు మొత్తానికి ఇట్లా ఉందని చెప్పలేం. ఏరలేదు కాబట్టి చెప్పొచ్చు. ఎంత మేలు చేశారో మీకు తెలీదు."

సైదయ్య సీసాలకు మూతలు పెట్టిండు. ఒక్కో మూతకు రెండు చుట్లు వ్యాజలైన్ రాసిండు. ఒక్క చుట్టు సాలు.

*

ఇంటికాడ పెండ్లాం లచ్చమ్మ పళ్లెం ముందు పెట్టి చానాసేపు చూసింది. పొద్దుగూకుతుంది. సైదయ్య పప్పన్నంలో వేలితో గీతలు గీస్తున్నడు.

"ఏమయ్యా, చేపలు కొలిచి కొలిచి కూడు గూడ కొలుస్తున్నవా?"

ఆయన ఇంకో గీత గీసిండు.

"నీ మూతి జూస్తే తెలుస్తలేదా? నలభై ఏండ్ల సంది నువ్వు మాట్లాడకపోతే నేనే రెండు దిక్కులా మాట్లాడుతున్న. ఇయ్యాల జర నీ దిక్కుది నువ్వే మాట్లాడు."

"తప్పు రాయించిన."

"ఎవరితోని?"

"మేడంతోని. ఏరలేదని రాయించిన. ఏరిన నేను."

లచ్చమ్మకు అర్థం కాలేదు. ఆయన ముక్కలు ముక్కలుగ చెప్పిండు. మొదటేడు జీవన్ సారే అలుగు కాడికి వచ్చిండు. గిన్నెతో ముంచి వచ్చిన అయిదింటిని సీసాల వేసిండు. మరుసటేడుకు సారు లేడు. సైదయ్య ఒక్కడే బుట్ట ముందర కూసున్నడు. సారుకు ఇచ్చే చేపలు. వాళ్లింట్ల వల తీసినంక పంపకంల పెద్ద చేప పెద్దమనిషికి పోతది, అది తాతల నాటి తీరు. సన్న పిల్ల చేపలు సారుకు పెడితే మర్యాదేముంది? బుట్టంతా కలియబెట్టి మంచియి అయిదు ఏరిండు. ఆ మరుసటేడు అంతే. ఎప్పుడూ అంతే.

"నీ తలకాయ," అన్నది లచ్చమ్మ. "మంచియి ఇచ్చుడు గూడ తప్పేనా?"

"వాళ్ల లెక్కల తప్పే."

"అయితే మేడంకు చెప్పు."

"చెప్తే సీసాలు పోతయి."

"చెప్పకపోతే?"

సైదయ్య పళ్లెం పక్కకు జరిపిండు.

లచ్చమ్మ లోపలికి పోయి తెల్ల అంగీ తెచ్చి దండెం మీద వేసింది. "సారు ఇచ్చిన పని. సారుకే ముందు చెప్పుకో. రేపు ఐతారం. మిర్యాలగూడ ఏమన్న కాశీనా?"

*

జీవన్ సారు ఇల్లు సైదయ్యకు తెలుసు. సారు బిడ్డ పెండ్లికి ఒకసారి పోయిండు. బస్సు దిగి, రైసు మిల్లుల దుమ్ము కండ్లల్ల పడుతుంటే దస్తీ కట్టుకొని నడిచిండు. ఊకపొట్టు వాసన. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్లున్నరు, ఇంటి ముందర చెప్పులు చానా ఉన్నయి. సారు వరండాలో కుర్చీల కూసొని ఉన్నడు. మోకాళ్ల మీద తువ్వాల. మనిషి సగమయిండు.

"ఎవరూ?"

"సైదయ్యను సార్. సూర్యాపేట. ల్యాబు."

సారు కండ్లద్దాలు సదురుకున్నడు. "ఓ... మాట్లాడని సైదయ్య. రా, కూసో. అమ్మా, ఛాయ్ పెట్టు. ఏం సంగతి, ఇంత దూరం?"

సైదయ్య కూసోలేదు.

"తప్పు చేసిన సార్. చేపలు ఏరిన."

"ఏం చేపలు?"

"గండిపరకలు. మీరు పెట్టుమన్నయి. ఏటేటా అయిదు."

సారు మొఖంలో ఏమీ కదలలేదు. సైదయ్య ఇంకొంచెం చెప్పిండు. అలుగు, గిన్నె, సీసా, పెన్సిలు కాయితం. సిరాతో రాస్తే కరిగిపోతది, పెన్సిలుతో రాయుమన్నరు గదా సార్ అన్నడు. సారు నుదురు రుద్దుకున్నడు.

"పెన్సిలు అంటే నేనే అయి ఉంటా. కానీ... ప్రాక్టికల్ పరీక్షకు తెచ్చినం ఒకసారి, అది యాదికుంది. ఏటేటా అని అన్నానా నేను?"

"'ఏటేటా ఇట్ల పెట్టుకుంట పోతే బాగుంటది సైదయ్యా' అన్నరు."

"అన్నానేమో. పోతా పోతా అన్న మాట అయి ఉంటది."

సైదయ్య నేలకు చూసిండు. వరండా బండ మీద నల్ల చీమలు ఒక మెతుకును మోస్తున్నయి. ఎన్ని వానలకు తడిసిండు. ఒకేడు జ్వరంతో పోయిండు. ఒకేడు పెద్దబిడ్డ కాన్పు దవాఖానల అయితుంటే అలుగు కాడికి పోయొచ్చి తిట్లు తిన్నడు. అది పోతా పోతా అన్న మాట. ఆయనకు కోపం రాలేదు. అప్పుడు కూసున్నడు.

"ఎన్నేండ్లు తెచ్చినవ్?" సారు అడిగిండు.

"పోయినేటి దాక. అలుగు దుంకని నాలుగేండ్లు తేలేదు సార్."

అది గూడ తప్పొప్పుకున్నట్లే అన్నడు. సారు కండ్లద్దాలు తీసిండు. తువ్వాల కొసతో తుడిచిండు. తుడిచిన అద్దాలను మళ్లా తుడిచిండు.

"ఆ నాలుగేండ్లు..." అని ఆగిపోయిండు. అద్దాలు పెట్టుకున్నంక మాట మారింది, పాత క్లాసు రూములో మాట లెక్క అయింది. "ఏరినా అన్నవ్. ఎట్ల ఏరినవ్?"

"పెద్దయి సార్."

"ప్రతి ఏడూ నువ్వేనా? ఎవరినన్నా పంపినవా?"

"నేనే."

"పట్టే జాగ?"

"అదే అలుగు. అదే రాయి కింద. మొదటిసారి దుంకినప్పుడే."

"ఒక్క ఏడన్నా, ఏదో ఒకటి లే అని, చిన్నది వేసినవా?"

సైదయ్యకు రోషమొచ్చింది. "మీకిచ్చేది చిన్నదెట్ల వేస్త సార్?"

సారు నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు. కోడలు ఛాయ్ కప్పులతో వచ్చి భయపడి నిలబడ్డది.

"ఇను సైదయ్యా. పది మంది పది తీర్ల ఏరితే గంగల కలిసేది. ఒకేడు ఏరి ఒకేడు ఏరకపోతే గంగల కలిసేది. ఒక్క చెయ్యి, ఒక్క జాగ, ఒక్క బుద్ధి. చెరువు మొత్తం ఎట్లుందో నీ సీసాలు చెప్పలేవు, నిజమే. కానీ ఆ ఏటి చెరువుల అన్నిటికన్న పెద్దయి ఎంతున్నయో చెప్తయి. పెద్దయే ఏటేటా చిన్నగయినయంటే ఇంకేం కావాలె? నువ్వు ఏరకుండ ఏ అయిదో ముంచుకొస్తే, అయిదు చేపలతోని ఏం తెలుస్తుండె? పెద్దది పడ్డ ఏడు పెద్దది, చిన్నది పడ్డ ఏడు చిన్నది. నీ చెయ్యే కొలబద్ద."

సైదయ్య విన్నడు. సగం అర్థమయింది. మిగిలిన సగం సారు మొఖం చూసి అర్థం చేసుకున్నడు.

"కానీ ఆ అమ్మాయి రాసిన ముక్క కొట్టేపియ్యాలె. అది అబద్ధం. నోటితోని చెప్పాలె, తల ఊపుడు కాదు."

"చెప్త సార్."

లేచేటప్పుడు సారు ఆయన చెయ్యి పట్టుకున్నడు. మందుకు పగిలి, గోర్లు పసుపెక్కిన చెయ్యి. సారు దాన్ని తిప్పి చూసి రెండు చేతుల నడుమ పెట్టుకున్నడు. "నేను మరిచిన పని. నీకు నేనే దండం పెట్టాలె."

"అయ్యో, సార్," అని సైదయ్య చెయ్యి గుంజుకున్నడు. బస్టాండు దాక ఆ చేతిని జేబుల పెట్టుకొనే నడిచిండు.

*

సోమవారం నవ్య బస్సు దిగేసరికి సైదయ్య గేటు కాడ ఉన్నడు. ఆమె సంచీ భుజం మార్చుకునే లోపలనే మొదలుపెట్టిండు. పెద్ద చేప పెద్దమనిషికి అనే కాడి నుంచి జీవన్ సారు నవ్విన కాడి దాక, మధ్యల ఆగకుండ చెప్పిండు. గేటు కాడి వాచ్‌మెన్ నోరు తెరుచుకొని చూసిండు. సైదయ్య అన్ని మాటలు ఒక్కసారి ఆడంగ ఎవరూ ఇన్నది లేదు.

మొదట నవ్య మొఖం వాడింది. "శనివారం చెప్పొచ్చు కదా బాబాయ్," అన్నది మెల్లగ. తిట్టినా సైదయ్యకు అంత తగలకపోతుండె. తర్వాత ఆమె నడుచుకుంటనే నోట్సు తీసింది, వరండాల నిలబడి అంకెల మీద వేలు జరుపుకుంట పోయింది. మొదటి సీసాను పక్కకు పెట్టి, రెండో సీసా నుంచి లెక్క మళ్లా చూసింది. గంట కొట్టిన్రు. ఆమె కదల్లేదు.

"సారు చెప్పింది నిజం," అన్నది చివరికి. "నేను పెద్ద మాట రాశాను. ఇప్పుడు చిన్న మాట రాస్తాను. కానీ ఇది నిలబడుతుంది."

ఒక ముక్క కొట్టేసి ఇంకో ముక్క రాసింది. చదివి వినిపించింది. 'ప్రతి ఏడూ ఒకే మనిషి, ఒకే చోట, అన్నిటికన్నా పెద్దవి ఏరి పట్టినవి.' కింద సైదయ్య పేరు రాసి, ఆయన పక్కన సంతకం పెట్టించింది.

శ్యాంసుందర్ సారు కాయితం రెండుసార్లు చదివిండు. చెడ్డ మనిషి కాదు. రూములు తక్కువ, అడిగేటోళ్లు ఎక్కువ.

"గోడ మాత్రం ఇయ్యలేను మేడం. కంప్యూటర్లు రేపు దిగుతయి. మెట్ల కింద ఆటసామాన్ల గది ఉంది, అది తీసుకోండ్రి. తాళం మీ దగ్గరనే ఉంచుకోండ్రి." మళ్లా కాయితం చూసిండు. "ఒకే మనిషి అని రాసిన్రు. అంటే ఆర్నెల్లకు రిటైరైనా ఈయనను పిలుస్తనే ఉండాల్నా?"

"ఏడాదికి ఒక్కసారి సార్. లేకపోతే ఈయన చెయ్యి ఇంకొకరికి రావాలి."

సారు సైదయ్య దిక్కు చూసిండు. దస్తీ చేతులనే ఉంది గాని ముక్కుకు పెట్టుకోలేదు. "నాకెన్నడు చెప్పలేదేందయ్యా ఈ సంగతి?"

సైదయ్య తల ఊపబోయి ఆపుకున్నడు. "మీరెన్నడు అడగలేదు సార్."

సామాను మోసేందుకు మధ్యాహ్నం సైదయ్య బామ్మర్ది వెంకన్న ట్రాలీ ఆటోల వచ్చిండు. ఊళ్లో మత్స్యకారుల సంఘానికి వాడే అధ్యక్షుడు. వచ్చుడు వచ్చుడే మొదలుపెట్టిండు.

"బావ, నీ చేపల మ్యూజియం లేపేస్తున్నరంట గదా. మసాల తెచ్చేదుండె."

సైదయ్య 1991 సీసా ఒకటి, 2024 సీసా ఒకటి బల్ల మీద పక్కపక్కన పెట్టిండు. వెంకన్న నవ్వుకుంటనే వంగిండు. వంగినోడు లేవలేదు. మూరకు జర తక్కువ చేపలు ఇటు, జానెడు చేపలు అటు.

"ఇది మన చెరువుదేనా?"

"ఒకటే అలుగు కాడ, ఈ చేతితోనే ఏరిన. రెండూ."

"మా నాయిన వలకు గిసుంటియి పడేటియని చెప్తే ముసలోడు కోతలు కోస్తున్నడనుకున్న." వెంకన్న వేలితో గాజు మీద చేప పొడుగు గీసిండు. నవ్య వచ్చి క్లాసులో చెప్పిన ముచ్చటనే చెప్పింది, ఇంకా తక్కువ మాటల్ల. అలుగు దుంకే వారం దినాలు అడ్డం వల కట్టకపోతే ఎదురెక్కే తల్లులు బతుకుతయి అన్నది.

"మేడం, మీరు చెప్పుడు బాగనే ఉంది. అలుగు కాడ పట్టినంత సులువు ఇంకెప్పుడు ఉండదు. మావోళ్లు ఇంటరా?" అన్నడు వెంకన్న. మళ్లా సీసాల దిక్కు చూసిండు. "ఈ రెండు సీసాలు ఒక్క దినం ఊరికి ఇస్తరా? నేను చెప్తే ఇనరు. ఇవి చెప్తే ఇంటరేమో."

*

ఆ బుధవారం మధ్యాహ్నం పట్టిన వాన తెల్లారి దాక కొట్టింది. గురువారం ఏడు గంటలకు రాయిచెరువు అలుగు దుంకుతున్నదని వెంకన్న ఫోను చేసిండు. నవ్య, రోజా, ఇంకో ఏడుగురు పిల్లలు మోతె దాక బస్సులో వచ్చి, అక్కడి నుంచి వెంకన్న ట్రాలీలో నిలబడి వచ్చిన్రు. అలుగుకు అడ్డం వల లేదు. ఊరికి తెచ్చిన ఆ రెండు సీసాలు చూసినంక సంఘంలో సగం మంది ఒప్పుకున్నరు, సగం మంది గట్టు మీద కూసొని బీడీలు తాగుకుంట, ఈ వింత ఎన్ని దినాలు సాగుతదో చూస్తమన్నరు.

ఎర్ర నీళ్లు రాయి మీద నుంచి జారి నురుగు కడుతున్నయి. ఆ నురుగులోంచి వెండి తునకలోలె చేపలు ఎగిరి, కిందపడి, మళ్లా ఎగురుతున్నయి. సైదయ్య ప్యాంటు మోకాళ్ల దాక మడిచి, ఎప్పుడూ నిలబడే రాయి కింద నిలబడి బుట్ట ఒడ్డిండు. ఎత్తి, నీళ్లున్న పెద్ద తొట్టిలో బోర్లించిండు. నలభైకి తక్కువుండవు.

"ఈసారి సీసా వద్దు బాబాయ్," అన్నది నవ్య. "కొలుద్దాం, ఒక్క పొలుసు తీద్దాం, వదిలేద్దాం. పొలుసులకే చీటీ పెడదాం."

సైదయ్య సరేనన్నడు. చెయ్యి తొట్టిలో పెట్టబోయి, ఆగి, మేడం దిక్కు చూసిండు. "మీరు పెట్టండ్రి."

నవ్య చేతులు ముంచింది. చేపలు జారిపోయినయి, పిల్లలు నవ్విన్రు. చివరికి ఒకదాన్ని పట్టి ఎత్తింది. తొట్టిలో అదే అన్నిటికన్న పొడుగు.

సైదయ్య తల అడ్డంగ ఊపిండు. "పొడుగు కాదమ్మా. ఈడ." చేప తల వెనుక, వీపు మొదలైన కాడ బొటనవేలు పెట్టి చూపిండు. "ఈడ వేలికి నిండుగ తగలాలె. కండ్లతోని చూడొద్దు, చేతితోని చూడాలె."

ఇట్ల ఏరుతనని ఆయనకు గూడ అప్పటిదాక తెల్వదు. రోజా అది గబగబ నోట్సుల రాసుకుంది.

రెండోది ఎత్తింది. ఆయన వేలు పెట్టి చూసి, కాదన్నడు. గట్టు మీది నుంచి ఎవరో, "సైదయ్యా, పెండ్లిచూపులా ఏంది?" అన్నరు. వెంకన్న వాళ్లను ఊకొమ్మన్నడు.

మూడోసారి నవ్య కండ్లు మూసుకుంది. నీళ్లల్ల ఆమె చేతులు మెల్లగ కదిలినయి. ఒకదాన్ని వదిలింది, ఇంకోదాన్ని వదిలింది. ఆగింది. పైకి తెచ్చింది. అది పొడుగుల చూస్తే నాలుగోదో అయిదోదో. సైదయ్య దాని వీపు మీద వేలు పెట్టిండు. కొంచెంసేపు తియ్యలేదు.

"ఇదే," అన్నడు.

రోజా కొలిచింది. నవ్య ఒక పొలుసు తీసి చిన్న గాజు గొట్టంలో వేసింది. సైదయ్య చేపను రెండు చేతుల్ల పట్టుకొని అలుగు కిందికి వంగి, మూతి నీళ్లకు ఎదురుగ పెట్టి పట్టు వదిలిండు. అది ఒక్క క్షణం ఆయన వేళ్ల నడుమనే నిలబడి, తోక కొట్టి, ఎర్ర నీళ్లల్ల కలిసిపోయింది.

ఆయన లేచి, చేతులు తువ్వాలతో తుడుచుకొని, తొట్టి కాడ జాగ ఇచ్చి పక్కకు జరిగిండు.

"ఇంక నాలుగున్నయి బిడ్డా," అన్నడు. "నువ్వే తియ్యి."